సాల్స్‌బరీలో మరియమాత, రోములో ముద్ర

అందరికీ నమస్కారం. ఇంత మంది వస్తారని అనుకోలేదు, చాలా సంతోషం.

ఒక ఉత్తరంతో మొదలుపెడతాను. 1218 మార్చిలో రోములోని లాటరన్ భవనం నుంచి మూడవ హొనోరియస్ పోపు ఇంగ్లండుకు పంపిన ఉత్తరం అది. పోపు ఆజ్ఞాపత్రం అనగానే మనం గంభీరమైన వేదాంత చర్చ ఊహించుకుంటాం. ఇందులో ఉన్నది గాలి గురించి, నీళ్ల గురించి, కీళ్ల నొప్పుల గురించి. ఓల్డ్ సారమ్ అనే కొండ మీద ఒక కేథడ్రల్, అంటే బిషప్ ఉండే పెద్ద చర్చి, ఉండేది. అక్కడ గాలి హోరుకు ప్రార్థన చేసే గురువులకు ఒకరి గొంతు మరొకరికి వినబడటం లేదట. ఆ చలిగాలికి వారికి కీళ్లు పట్టేస్తున్నాయట. కట్టడం అదిరిపోయి ఎప్పుడు చూసినా మరమ్మతులేనట. తాగడానికి నీళ్లు లేవు, ఎక్కువ ధర పెట్టి కొనుక్కోవాలి. ఆ నేలంతా సుద్ద, ఎండలో ఆ తెల్లదనం కళ్లలో కొట్టి చూపు దెబ్బతింటోంది. వీటన్నిటికీ మించి, గుడి రాజుగారి కోట గోడల లోపల ఉంది కాబట్టి ప్రార్థనకు వెళ్లాలన్నా కోట అధికారి సెలవివ్వాలి.

ఇంగ్లండులో ఉన్న తన ప్రతినిధి గ్వాలా చేత ఈ ఫిర్యాదులన్నీ విచారణ చేయించి, అప్పుడు పోపు అనుమతి ఇచ్చాడు. కొండ దిగండి, కింద కొత్త గుడి కట్టుకోండి అన్నాడు. దక్షిణ ఇంగ్లండులో విల్ట్‌షైర్ ప్రాంతంలో ఇప్పుడున్న సాల్స్‌బరీ కేథడ్రల్ ఆ అనుమతి మీద లేచిన కట్టడం. కన్య మరియమ్మ పేరు మీద ప్రతిష్ఠించిన గుడి. బ్రిటన్‌లో ఇంతకంటే ఎత్తైన చర్చి శిఖరం మరొకటి లేదు, 123 మీటర్లు.

నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్నది ఒకటే విషయం. మధ్యయుగపు ఇంగ్లండులో మరియమాత భక్తి అనగానే అది రోము పంపించినది, 16వ శతాబ్దంలో రోముతో తెగతెంపులు కాగానే పోయింది అని చాలామంది అనుకుంటారు. చరిత్ర పుస్తకాలు కూడా కొంతవరకు అలాగే రాస్తాయి. సాల్స్‌బరీ రికార్డులు చదివిన కొద్దీ నాకు అలా అనిపించడం తగ్గిపోయింది. అక్కడి భక్తి అక్కడివాళ్లు కూర్చుకున్నది, వాళ్ల డబ్బుతో, వాళ్ల గొంతుతో, రోజూ తెల్లవారుతూనే చేసుకున్నది. రోము నుంచి వచ్చినవి అనుమతులు, ముద్రలు, అప్పుడప్పుడు నిషేధాలు. తర్వాతి కాలంలో అయితే పదవులు తీసుకుని అసలు రాని పెద్దమనుషులు. ఈ రెండు బంధాల వయసు ఒకటి కాదు, బలం ఒకటి కాదు. అందుకే తెగినప్పుడు కూడా ఒకేసారి తెగలేదు.

ముందు నిషేధం సంగతి చెప్పాలి, ఎందుకంటే కొత్త గుడి కట్టిన తరం దాన్ని కళ్లారా చూసింది. 1207లో మూడవ ఇన్నోసెంట్ పోపు స్టీఫెన్ లాంగ్టన్‌ను కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా, అంటే ఇంగ్లండు చర్చికి పెద్దగా, నియమించాడు. జాన్ రాజు ఒప్పుకోలేదు. 1208 మార్చిలో పోపు దేశం మొత్తం మీద ఆరాధన నిషేధం విధించాడు. పసిబిడ్డలకు బాప్తిస్మం, చనిపోయేవారికి పాపసంకీర్తనం మినహా ప్రజల ఎదుట ఏ పూజా జరగలేదు. గంటలు మోగలేదు. చనిపోయినవారిని చర్చి ఆవరణలో పాతిపెట్టడానికి కూడా వీలు లేకపోయింది. ఇలా ఆరేళ్లు గడిచాయి. రాజుకూ పోపుకూ మధ్య ఒక నియామకం మీద వచ్చిన తగాదాకు, ఓల్డ్ సారమ్ కొండ మీది మరియమాత గుడిలో పాట ఆగిపోయింది. ఆ ఊరి మామూలు మనిషి ఏ తప్పు చేశాడని?

చివరికి 1213లో జాన్ లొంగిపోయాడు. మామూలుగా లొంగలేదు. తన రాజ్యాన్నే పోపుకు సమర్పించి, సామంతుడిగా తిరిగి పుచ్చుకుని, ఏటా 1000 మార్కుల (మార్కు అప్పటి లెక్కల డబ్బు) కప్పం కడతానని ఒప్పుకున్నాడు. 1215 జూన్‌లో దొరలు అతని మెడలు వంచి, రాజు అధికారానికి హద్దులు పెట్టే మాగ్నా కార్టా అనే పత్రం రాయించుకుంటే, ఆగస్టులో అదే పోపు ఆ పత్రం చెల్లదని కొట్టేశాడు, అప్పటికి జాన్ తన సామంతుడు కదా. ఆ 1215 పత్రం ప్రతులు ప్రపంచంలో నాలుగే మిగిలాయి. ఒకటి సాల్స్‌బరీ కేథడ్రల్‌లోనే ఉంది. పోపు రద్దు చేసిన కాగితాన్ని, పోపు అనుమతితో కట్టిన గుడి 800 ఏళ్లుగా దాచిపెట్టుకుంది. మాగ్నా కార్టా ప్రతులు దేశంలో పంచే పని చేసినవారిలో ఎలియాస్ ఆఫ్ డెరెమ్ ఒకడు. ఆయనే తర్వాత సాల్స్‌బరీలో కానన్‌గా, అంటే కేథడ్రల్‌ను నడిపే గురువుల బృందంలో ఒకడిగా, కొత్త కేథడ్రల్ నిర్మాణాన్ని చూసుకున్నాడు. రోముతో సంబంధం ఎంత చిక్కుముడిగా ఉండేదో ఈ ఒక్క మనిషి జీవితం చాలు తెలుసుకోవడానికి.

ఇప్పుడు కట్టించిన బిషప్ దగ్గరికి వద్దాం. రిచర్డ్ పూర్ ఆయన పేరు. పారిస్‌లో స్టీఫెన్ లాంగ్టన్ దగ్గర చదువుకున్నవాడు. మొదట సాల్స్‌బరీలోనే డీన్‌గా, అంటే కానన్లకు పెద్దగా, పనిచేశాడు, 1217లో బిషప్‌గా తిరిగివచ్చాడు. కొత్త గుడి ఎక్కడ కట్టాలో తెలియక తికమకపడుతుంటే మరియమాత కలలో కనిపించి తన పేరున్న పొలంలో కట్టమని చెప్పిందని ఆ ఊళ్లో ఒక కథ చెబుతారు. కొండ మీద నుంచి వేసిన బాణం ఎక్కడ పడితే అక్కడ కట్టారని ఇంకో కథ. ఇవి కథలు. కానీ ఆ ఊరివాళ్లు తమ గుడికి స్థలం ఎవరు చూపించారని చెప్పుకోవాలనుకున్నారో గమనించండి. పోపు పేరు ఏ కథలోనూ లేదు.

1220 ఏప్రిల్ 28న పునాది రాళ్లు వేశారు. డీన్ విలియం ఆఫ్ వాండా రాసిపెట్టిన వివరాలు మనకు దొరుకుతున్నాయి. మూడవ హెన్రీ రాజు వస్తాడని బిషప్ ఎదురుచూశాడు. వెల్ష్‌వారితో సంధి వ్యవహారం వల్ల రాజు రాలేదు, పోపు ప్రతినిధి రాలేదు, ఆర్చిబిషప్ కూడా రాలేదు. బిషప్ మొదటి రాయి పోపు హొనోరియస్ పేరు మీద, రెండోది ఆర్చిబిషప్ పేరు మీద, మూడోది తన పేరు మీద వేశాడు. నాలుగోది సాల్స్‌బరీ ప్రభువు విలియం లాంగెస్పే, అయిదోది అతని భార్య ఈలా. పెద్దలు రాకపోయినా వారి పేర్లు ముందు, వచ్చినవారు తర్వాత. ఈ వరుస గుర్తుపెట్టుకోండి, రోముతో సాల్స్‌బరీకి తర్వాతి మూడు వందల ఏళ్లు ఏం జరిగిందో ఇందులోనే కనిపిస్తుంది.

విలియం లాంగెస్పే జాన్ రాజుకు సవతి తమ్ముడు, ముందు యోధుడు, తర్వాతే ఏదైనా. ఆయన గురించి రోజర్ ఆఫ్ వెండోవర్ అనే చరిత్రకారుడు ఒక సంగతి రాశాడు. ఫ్రాన్సు నుంచి తిరిగి వస్తుంటే సముద్రంలో భయంకరమైన తుపాను వచ్చింది. అందరూ ఆశ వదులుకున్న సమయంలో ఓడ స్తంభం మీద పెద్ద మైనపు వత్తి వెలుగుతూ కనిపించింది, గాలికి ఆరిపోకుండా ఒక అందమైన కన్య దాన్ని కాపాడుతోంది. అదేమిటో ఎవరికీ అర్థం కాలేదు, లాంగెస్పేకు తప్ప. తాను యోధుడిగా పట్టం పొందిన రోజు నుంచి మరియమాత పీఠం ముందు పూజవేళ ఒక వత్తి వెలిగేలా ఏర్పాటు చేసి ఉన్నాడు. ఆ వత్తే ఇది అని గుర్తుపట్టాడు. 1226లో చనిపోతే కొత్త కేథడ్రల్‌లో సమాధి చేసిన మొదటి మనిషి ఆయనే. భార్య ఈలా తర్వాత లేకాక్ అనే చోట సన్యాసినుల మఠం స్థాపించి, తానే అందులో చేరి, మఠాధిపతి అయింది. ఆ మఠం కూడా మరియమాత పేరుతోనే.

నాకు ఈ వత్తి కథ చాలా ఇష్టం. అద్భుతం జరిగిందా లేదా అన్నది పక్కన పెడదాం. ఒక సైనికుడు తాను యోధుడిగా పట్టం పొందిన రోజున చేసిన పని, రోజూ ఒక దీపానికి ఖర్చు పెట్టడం. దానికి ఎవరి ఆజ్ఞా అక్కర్లేదు, ఎవరి ముద్రా అక్కర్లేదు.

1225 సెప్టెంబరు 28న కేథడ్రల్ తూర్పు చివరి భాగం మొదట సిద్ధమైంది. అక్కడ రిచర్డ్ పూర్ మూడు పీఠాలు ప్రతిష్ఠించాడు. ఉత్తరాన ఉన్నది పునీత పేతురు, ఇతర అపొస్తలుల పేరు మీద. దక్షిణాన ఉన్నది పునీత స్తెఫాను, ఇతర వేదసాక్షుల పేరు మీద. మధ్యలోది పరిశుద్ధ త్రిత్వం, సకల పునీతుల పేరు మీద. కానీ ఆ మధ్య పీఠం వద్ద ప్రతిరోజూ కన్య మరియమ్మ పూజ పాడాలని నియమం పెట్టాడు. అందుకు పాడేవారి ఖర్చు, దీపాల ఖర్చు కోసం తానే ఆదాయం కేటాయించాడు. గుడి మొత్తం మరియమాతదే, ప్రధాన పీఠం ఆమె స్వర్గారోపణ పేరు మీద ఉంది, కాబట్టి ఈ చిన్న మందిరానికి వేరే పేరు పెట్టినా ఇబ్బంది లేకపోయింది. జనం మాత్రం ఆ పూజలో మొదటి మాటను పట్టుకుని దాన్ని 'సాల్వే' అనేవారు. ఇప్పటికీ చాలామంది దాన్ని మరియమాత మందిరం అనే అంటారు.

గుడి మొత్తం పూర్తయ్యేసరికి 1258 అయింది. అంటే ముప్పై మూడేళ్ల పాటు రాళ్లు చెక్కే చప్పుడు, పరంజీలు, దుమ్ము మధ్య ఆ ఒక్క మందిరంలో ఆ పాట రోజూ సాగింది. ఈ క్రమాన్ని నేను ముఖ్యమైనదిగా భావిస్తాను. ముందు బిషప్ సింహాసనం కట్టలేదు. రాజుగారి కోసం ద్వారం కట్టలేదు. మరియమాత పూజ ఆగకుండా జరిగే చోటు ముందు కట్టారు, మిగతాదంతా దాని చుట్టూ పెరిగింది. మీలో ఎవరైనా ఎప్పుడైనా వెళితే దయచేసి శిఖరం చూసి వెనక్కి తిరగకండి, ఆ తూర్పు చివరి దాకా నడవండి. పర్‌బెక్ రాయి అని డోర్సెట్ తీరంలో దొరికే నల్లటి సున్నపురాయి ఉంది, మెరుగు పెడితే పాలరాయిలా నిగనిగలాడుతుంది. దానితో చేసిన స్తంభాలు అక్కడ ఎంత సన్నగా ఉంటాయంటే, పైకప్పును ఇవి మోస్తున్నాయంటే నమ్మబుద్ధి కాదు. 800 ఏళ్లుగా మోస్తున్నాయి.

ఇక పాట సంగతి. కేథడ్రల్ కానన్లలో చాలామంది ఊళ్లో ఉండేవారు కాదు. రాజు కొలువులోనో, విశ్వవిద్యాలయంలోనో, మరో కేథడ్రల్‌లోనో ఉండేవారు. వారి బదులు పాడటానికి వికార్లు అనే చిన్న జీతగాళ్లు ఉండేవారు. వారితో పాటు బాలురు. ఆ పాడే పిల్లల పోషణ కోసం 1314లో బిషప్ సైమన్ ఆఫ్ గెంట్ ఆస్తి కేటాయించాడు. మరియమాత పూజను, సాయంత్రం ఆమె పేరు మీద పాడే కీర్తనలను అన్ని తరాలూ నిలబెట్టినవారు వీళ్లు. వీళ్లలో ఒక్కరి పేరు కూడా సామాన్యంగా ఎవరికీ తెలియదు.

వీళ్లు పాడిన పద్ధతికి ఒక క్రమం ఏర్పడింది. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఏ పండుగకు ఏ వస్త్రాలు, ధూపం ఎప్పుడు, ఊరేగింపు ఏ వైపు నుంచి, శనివారం మరియమాత స్మరణ ఎలా చేయాలి, అన్నీ రాసిపెట్టారు. దీన్నే సారమ్ పద్ధతి అంటారు, సారమ్ అంటే సాల్స్‌బరీయే. మూలపురుషుడు 11వ శతాబ్దపు బిషప్ పునీత ఆస్మండ్ అని సంప్రదాయం, కానీ మనకు తెలిసిన రూపంలో దాన్ని కూర్చడంలో రిచర్డ్ పూర్ హస్తం పెద్దది. ఇది రోము పూజాక్రమంలో ఒక స్థానిక శాఖే, భాష లాటిన్, మూలప్రార్థన రోముదే. అయినా నడక, రాగం, వైభవం సాల్స్‌బరీవి. ఇది ఒక ఊరికి పరిమితం కాలేదు. యార్క్, హెర్‌ఫర్డ్ లాంటి కొన్ని చోట్ల వారి పద్ధతులు వారికి ఉన్నా, ఇంగ్లండులో ఎక్కువ భాగం సాల్స్‌బరీనే అనుసరించింది. ఇలా అనుసరించమని ఏ పోపూ ఆజ్ఞాపించలేదు. బాగుందని తీసుకున్నారు, అంతే.

అచ్చుయంత్రం వచ్చాక ఇది ఇంకా విస్తరించింది. ఇంగ్లండుకు అచ్చు తెచ్చిన విలియం కాక్స్‌టన్ 1477 ప్రాంతంలో వేసిన ఒక చిన్న ప్రకటన మిగిలింది. ఇంగ్లిషులో అచ్చయిన ప్రకటనల్లో మిగిలినవాటిలో మొట్టమొదటిది అదే. దేనికి ప్రకటన అనుకున్నారు? సాల్స్‌బరీ పూజాక్రమ పుస్తకానికి. ఆ తర్వాత పారిస్, రూవాన్ అచ్చుకూటాలు సారమ్ పద్ధతి ప్రకారం మరియమాత ప్రార్థనల పుస్తకాలను ఇంగ్లండు బజారు కోసం పెద్ద ఎత్తున ముద్రించాయి. రోజులో ఏడెనిమిది వేళల్లో చదువుకునే చిన్న చిన్న ప్రార్థనలు అవి. దొరసానులే కాదు, వ్యాపారుల ఇళ్లలో ఆడవాళ్లు కూడా కొనుక్కున్నారు. కేథడ్రల్‌లో వికార్లు పాడేదాన్ని ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చన్నమాట.

శిఖరం గురించి ఒక్క మాట. అది 14వ శతాబ్దం తొలినాళ్లలో పైన చేర్చినది. దాదాపు 6,500 టన్నుల అదనపు బరువు, కింద పునాది లోతు నాలుగు అడుగులే. ఆ స్తంభాలు ఒకవైపు ఒరగడం ఈ రోజుకీ కళ్లకు కనిపిస్తుంది. 1762లో మరమ్మతుకు పైకెక్కిన పనివాళ్లకు శిఖరాగ్రాన సీసపు పెట్టె, దాని లోపల చెక్క పెట్టె, అందులో జీర్ణించిన గుడ్డముక్క దొరికాయి. మరియమాత వస్త్రపు అవశేషమని నమ్మి, పిడుగుల నుంచి, గాలి నుంచి కాపాడమని అక్కడ ఉంచి ఉంటారు. 1534లో ఇంగ్లండు రోముతో విడిపోయాక కింద ఎన్ని విగ్రహాలు విరిగినా ఆ పెట్టె జోలికి ఎవరూ వెళ్లలేదు. అది అక్కడ ఉందని తెలిసినవారు లేకపోవడమే కారణం కావచ్చు.

ఇప్పుడు రెండో బంధం. రోముతో ఉన్నది. 14వ శతాబ్దం వచ్చేసరికి పోపులు రోము వదిలి ఫ్రాన్సు వైపు ఆవిన్యోన్ నగరంలో కూర్చుని యూరప్ అంతటా చర్చి పదవులు తమవారికి ఇచ్చుకోవడం మామూలైపోయింది. సాల్స్‌బరీ డీన్ పదవి ఆదాయం ఉన్నది, గౌరవం ఉన్నది, కాబట్టి అది కార్డినల్స్, అంటే పోపు కొలువులోని పెద్దల, చేతుల్లోకి వెళ్లింది. అయిదవ క్లెమెంట్ పోపు బంధువు కార్డినల్ రేమండ్ ద ఫార్జ్ 1311 నుంచి మూడు దశాబ్దాలకు పైగా డీన్‌గా ఉన్నాడు. ఆ తర్వాత రోము నగరపు ఒర్సీనీ వంశపు కార్డినల్ వంతు. డీన్ అంటే కానన్లందరికీ పెద్ద, పూజలు సరిగా జరుగుతున్నాయో లేదో చూడాల్సినవాడు. ఆయన ఇంగ్లండులోనే ఉండడు. ఆదాయం మాత్రం క్రమం తప్పకుండా సముద్రం దాటిపోతుంది. ఇలాంటి నియామకాలను అడ్డుకోవడానికి ఇంగ్లండు పార్లమెంటు 1351లో, 1353లో చట్టాలు చేయాల్సి వచ్చింది. పోపును ఎదిరించి ప్రొటెస్టెంటు ఉద్యమం మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ పుట్టడానికి నూరేళ్లకు పైగా ముందు సంగతి ఇది. ఆ చట్టాలు చేసినవారు మంచి కతోలికులే.

ఒక నిజాన్ని మాత్రం ఒప్పుకోవాలి. సాల్స్‌బరీవాళ్లకు రోము ముద్ర కావాలి కూడా. తమ ఆస్మండ్‌ను పునీతుడిగా ప్రకటించాలని 1228లోనే తొమ్మిదవ గ్రెగొరీ పోపు దగ్గర పని మొదలుపెట్టారు. ఎప్పుడు పూర్తయిందనుకుంటున్నారు? 1457 జనవరి 1న, మూడవ కలిక్స్టస్ పోపు చేతుల మీదుగా. 229 ఏళ్లు! మధ్యలో పనిని మళ్లీ లేపినవారిలో బిషప్ రాబర్ట్ హాలమ్ ఒకడు. పోపులు ముగ్గురై చర్చి చీలిపోయినప్పుడు కాన్‌స్టాన్స్ మహాసభలో ఇంగ్లండు తరఫున గట్టిగా మాట్లాడిన ఆయన 1417లో అక్కడే చనిపోయాడు, అక్కడి చర్చిలోనే ఆయన సమాధి ఉంది. సాల్స్‌బరీలో పాటకు పెద్దగా ఉన్న నికొలస్ అప్టన్ 1452లో స్వయంగా రోము వెళ్లి ఈ వ్యవహారం నడిపాడు. సాక్ష్యాలు, న్యాయవాదులు, రుసుములు, కానుకలు, ఎదురుచూపులు. ఇంటికి రాసిన ఉత్తరాల్లో డబ్బు ప్రస్తావన లేని ఉత్తరం అరుదు.

అక్కడ రోములో ఇన్ని తరాలు కాగితాలు కదులుతుండగా, ఇక్కడ సాల్స్‌బరీలో జనం ఆస్మండ్ సమాధి దగ్గరికి వస్తూనే ఉన్నారు. ఆ సమాధి పక్కల్లో గుండ్రటి రంధ్రాలు ఉన్నాయి. నొప్పి ఉన్న చేయో కాలో అందులో పెట్టి ప్రార్థించేవారు. ఆయన పునీతుడా కాదా అన్నది వాళ్లకు 1457 వరకు ఆగాల్సిన ప్రశ్న కాలేదు. ఆ రాయి ఇప్పటికీ గుడిలో ఉంది. మధ్యయుగంలో ఇంగ్లండు రోము నుంచి సాధించుకున్న చివరి పునీత ప్రకటన ఇదే. మళ్లీ ఒక ఇంగ్లిషువాడికి ఆ గౌరవం దక్కడానికి, రోముతో తెగతెంపులకు ఒప్పుకోక ప్రాణాలు పోగొట్టుకున్న థామస్ మోర్, జాన్ ఫిషర్ దాకా, అంటే 1935 దాకా ఆగాల్సి వచ్చింది.

చివరి అంకానికి వద్దాం. 1524లో సాల్స్‌బరీ బిషప్‌గా ఎవరు వచ్చారు? లోరెంజో కంపెజ్జో. ఇటలీ కార్డినల్, రోము కొలువులో ఇంగ్లండు పనులు చూసిపెట్టేవాడు. దానికి కృతజ్ఞతగా ఎనిమిదవ హెన్రీ రాజే ఆయనకు ఈ బిషప్ పదవి ఇప్పించాడు. రాజు తన భార్య కేథరిన్ నుంచి విడిపోవాలనుకున్నప్పుడు, ఆ వ్యాజ్యం వినడానికి పోపు ఎవరిని పంపాడో తెలుసా? ఈ సాల్స్‌బరీ బిషప్పునే. 1529లో లండన్‌లోని బ్లాక్‌ఫ్రయర్స్‌లో, రాజుగారి ముఖ్యమంత్రి లాంటి కార్డినల్ వూల్సీతో కలిసి విచారణ జరిపాడు. జూలైలో, రోము న్యాయస్థానాలకు సెలవులు అన్న సాకుతో తీర్పు చెప్పకుండా వాయిదా వేసి ఇటలీకి వెళ్లిపోయాడు. ఇంగ్లండు రోము నుంచి విడిపోవడానికి దారితీసిన సంఘటనల్లో అది ఒక పెద్ద మలుపు. 1534లో పార్లమెంటు చట్టం చేసి ఆయన బిషప్ పదవిని ఊడబెరికింది, విదేశంలో ఉండి ఆదాయం తింటున్నాడని.

అలా సాల్స్‌బరీకి రోముతో బంధం ఒక పార్లమెంటు చట్టంతో తెగింది. ఆ సమయానికి ఆ బంధంలో మిగిలి ఉన్నదేమిటో చూడండి. పదేళ్లు బిషప్‌గా ఉండి తన మందతో కలిసి జీవించని ఒక దౌత్యాధికారి. ఆయన పోయినందుకు కన్నీరు పెట్టుకున్న సాల్స్‌బరీవాసి ఉన్నాడని నేను అనుకోను.

మరియమాత విషయంలో ఇంత తేలికగా జరగలేదు. 1530ల చివర్లో ఆస్మండ్ పుణ్యస్థలాన్ని కూల్చారు. తర్వాతి పదేళ్లలో విగ్రహాలు, చనిపోయినవారి కోసం పూజలు పాడే ఏర్పాట్లు, వాటి ఆస్తులు ఒక్కొక్కటిగా పోయాయి. అయితే 1542లో, అంటే రోముతో విడిపోయిన ఎనిమిదేళ్ల తర్వాత, కాంటర్‌బరీ పరిధిలోని గురువులంతా సారమ్ ప్రార్థనల పుస్తకమే వాడాలని నిర్ణయించారు. పోపు లేడు, సాల్స్‌బరీ పద్ధతి ఉంది! 1549లో ఇంగ్లిషు ప్రార్థన పుస్తకం వచ్చి లాటిన్ పూజలను తీసేసింది. సాల్వే పాట ఆ ఏడుతో ఆగింది. 324 ఏళ్లు పాడిన పాట. దీన్ని నేను తేలికగా తీసుకోలేను. ఆ పాట తప్ప వేరే బతుకు తెలియని ముసలి వికార్లు ఆ ఏడాది అక్కడ ఉండే ఉంటారు.

కానీ ఆ కొత్త పుస్తకాన్ని కూర్చిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ ముందు పెట్టుకున్న ముడిసరుకు ప్రధానంగా సారమ్ పుస్తకాలే. సాయంకాలపు పాత ప్రార్థనలు రెంటిని కలిపి ఒకటి చేశాడు. అందులో మరియ పాడిన స్తుతిగీతం, లూకా సువార్త మొదటి అధ్యాయంలోనిది, అలాగే ఉంచాడు. మరియమాత స్వర్గారోపణ పండుగను పంచాంగం నుంచి తీసేశారు, ఆమెను ఉద్దేశించిన ప్రార్థనలు తీసేశారు, ఆమె నోటి మాటలు మాత్రం తీసేయలేదు. దేవదూత మరియకు శుభవార్త చెప్పిన మంగళవార్త పండుగ, మార్చి 25, నిలిచింది. ఇంగ్లండులో 1752 వరకు సంవత్సరం మొదలైంది ఆ రోజుతోనే, భూముల అద్దెలు కట్టే గడువూ అదే. ఈ రోజుకీ బ్రిటన్‌లో పన్నుల సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవడానికి మూలం ఆ మరియమాత పండుగ తేదీ, పంచాంగం మార్పులో జరిగిన రోజుల సర్దుబాటుతో ముందుకు జరిగింది.

కేథడ్రల్ ఆవరణ పచ్చికలో ఇప్పుడు ఒక కంచు శిల్పం ఉంది. ఎలిజబెత్ ఫ్రింక్ 1981లో చేసినది, నడుస్తున్న మరియ. కిరీటం లేదు, ఒళ్లో బిడ్డ లేడు. వయసు పైబడిన, చిక్కిపోయిన ఒక తల్లి గుడి వైపు వీపు పెట్టి ఊరి వైపు గబగబా నడుస్తూ ఉంటుంది. మధ్యయుగపు వికార్లు ఈ రూపాన్ని గుర్తుపట్టేవారా అంటే సందేహమే. కానీ లాంగెస్పే గుర్తుపట్టేవాడని నాకు అనిపిస్తుంది, తుపానులో ఓడ మీదికి వచ్చిన మనిషి కదా ఆయన ఎరిగినది.

1991లో ఇంగ్లండు కేథడ్రల్స్‌లో మొట్టమొదటిసారి బాలికలకు స్వతంత్ర గాయక బృందం సాల్స్‌బరీలోనే మొదలైంది. వందల ఏళ్లు మగపిల్లలు, మగవాళ్లు మాత్రమే పాడిన మరియ గీతాన్ని ఇప్పుడు ఆడపిల్లలు కూడా పాడుతున్నారు. పాడినది ఒక ఆడపిల్ల అయిన పాటకు ఇన్నాళ్లు పట్టిందా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మన ప్రాంతంతో సంబంధం ఉందా అని సభకు ముందు ఒకరు అడిగారు. ఉంది, సూటిగానే ఉంది. ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు చర్చికి చెందిన, మిషన్లు నంద్యాల, కడప ప్రాంతాలకు, తర్వాత దోర్నకల్ పీఠానికి తెచ్చిన తెలుగు ప్రార్థన పుస్తకం క్రాన్మర్ పుస్తకం నుంచి వచ్చినదే. సాయంకాల ఆరాధనలో 'నా ప్రాణము ప్రభువును ఘనపరచుచున్నది' అని తెలుగులో చదివినవారు, పాడినవారు ఈ గదిలో కూడా ఉండవచ్చు. ఆ గీతాన్ని సాయంత్రం వేళ పెట్టిన క్రమం సారమ్ నుంచి క్రాన్మర్‌కు, ఆయన నుంచి మనదాకా వచ్చింది. 1912లో దోర్నకల్‌కు మొదటి బిషప్ అయిన అజరయ్యగారు ఆంగ్లికన్ బిషప్పులలో మొదటి భారతీయుడు. ఆయన పీఠానికి రోముతో ఏ సంబంధమూ లేదు. సాల్స్‌బరీ వికార్లతో మాత్రం ఉంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి. సారమ్ రాగాల గురించి ముందే చీటీ పంపిన అమ్మగారితో మొదలుపెడదాం.